రంగుల బావికి బువ్వ

నూట ఇరవై అడుగుల బావిలోకి మోకు కట్టుకుని దిగి, మూడు పగళ్లు పైకి రాకుండా, ఉలీ సుత్తీ పట్టి, పైపులో పేరుకున్న రాయిని ఒంటి చేత్తో పగలగొట్టి, అరవై కుటుంబాల కూడు నిలబెట్టినవాణ్ణి నేను. పదవీ విరమణ నాడు మెడలో దండ పడగానే మైకు అందుకుని ఈ మాటే చెప్పాను. ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే, పక్క సీటులో కూర్చున్న పాపానికి ఎవరికైనా ఇదే చెబుతాను. ఒకాయన వింటూ వింటూ తన స్టాపు దాటిపోయి, నన్ను తిట్టుకుంటూ దిగాడు. ఆ తిట్టును నేను బహుమానంగానే తీసుకున్నాను.

కానీ ఇదంతా రాసిపెట్టమని ఇప్పుడు అడుగుతున్నది నీళ్ల శుద్ధి పనుల్లో కొత్తగా చేరిన మీలాంటి పిల్లలు. రేపు మీరు నిజంగానే ఒక బావి గట్టున నిలబడతారు. నా కోతలు నమ్మి మోకు కట్టుకుని దిగితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. కాబట్టి ముందుగా లోతు తగ్గిస్తున్నాను. పదిహేను అడుగులు. మోకు లేదు. అలాంటి బావిలో గాలి మంచిది కాదు, ఎవరూ దిగకూడదు. నేనూ దిగలేదు. మిగతావి వచ్చిన చోట తగ్గించుకుంటూ పోతాను. అన్నీ ఒకేసారి తగ్గిస్తే చదవడానికి మీకేమీ మిగలదు.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, రోడ్డు పక్కన ఒక అద్దకం షెడ్డు. మగ్గాలకు పోయే నూలుకు అక్కడ రంగు వేస్తారు, పడుగుకు గంజి పెడతారు. పంపు ఆపరేటరుగా చేరిన నేను జుట్టు నెరిసే వేళకు నీటి విభాగం ఇన్‌చార్జినయ్యాను. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. నేను, ఆదోని నుంచి రోజూ బండి మీద వచ్చే ఒక ఫిట్టరు భాయ్, ఒక బావి. అంతే.

రంగు వేసిన నూలును కడిగిన నీళ్లు తొట్టెల్లో కాస్త తేరుకుని ఆ సిమెంటు బావిలోకి చేరేవి. పొద్దున ఎరుపు, మధ్యాహ్నం నీలం, సాయంత్రానికి ఏ రంగో పేరు పెట్టలేని రంగు. మేము దాన్ని రంగుల బావి అనేవాళ్లం. బావి అడుగున మునిగి ఉండే మోటారు ఆ నీళ్లను ఇనుప పైపుల్లోంచి పైకి నెట్టి, దూరంగా తవ్విన మడుగులకు తోలుతుంది. మడుగుల్లో నీళ్లు ఎండకు ఆవిరైపోవాలి. మా పక్క ఎండల సంగతి తెలిసిందే, ఆ పని మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు.

చిక్కంతా గారతో. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇడ్లీ పాత్ర అడుగున తెల్లగా కట్టేది అదే. నూలుకు రంగు నిలవాలంటే సోడా వేయాలి. సోడా నీళ్లు, సున్నపు నీళ్లు ఒకచోట కలిశాయంటే రాయి పుడుతుంది. ఆ రాయి పైపు లోపల పొర మీద పొర కట్టుకుంటూ పోతుంది. పండ్లకు పట్టే గారకూ దీనికీ తేడా ఒకటే, పైపుకు నొప్పి తెలియదు. నోరు పూర్తిగా మూసుకుపోయేదాకా అది మనతో ఏమీ చెప్పదు.

మా షెడ్డులో పడుగుకు గంజి కాచే ఒకావిడ ఉండేది. గోనెగండ్ల ఆడపడుచు, ఎమ్మిగనూరు కోడలు. అందరికీ గంజక్క. నాకంటే రెండేళ్లు చిన్నదే అయినా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి, ఎందుకంటే ఆమెను మరోలా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. రోజూ పని ముగిశాక గంగాళంలో మిగిలిన గంజి, గంగాళం కడిగిన నీళ్లు తెచ్చి రంగుల బావిలోకి వంచేది. వంచుతూ, "తినవే తల్లీ, నీకూ బువ్వ" అనేది. ఆమెకు ముందు ఆ పొయ్యి దగ్గర పని చేసిన ముసలామె కూడా అలాగే చేసేదట. ఎందుకని ఎవరూ అడగలేదు. బావికి బువ్వ పెట్టకుండా ఇంటికి పోకూడదు, అంతే.

నేను ఇన్‌చార్జి అయిన కొత్తలో తెల్లచొక్కా వేసుకోవడం మొదలుపెట్టాను. తెల్లచొక్కా వేసుకున్న మనిషికి ఏదో ఒకటి మార్చాలనిపిస్తుంది. ఆ గంజి బావిలో పులిసి కంపు కొట్టేది, దోమలు ముసిరేవి. ఒక చెక్క పలక తెచ్చి, ఎర్ర రంగుతో "బావిలో గంజి పోయరాదు" అని నేనే స్వయంగా రాసి బావి గట్టున పాతాను. అక్షరాలు ఎంత బాగా కుదిరాయంటే దారిన పోయేవాళ్లు కూడా ఆగి చదివేవాళ్లు. సరే, ఒక్కడు ఆగాడు. వాడికి ఎమ్మిగనూరుకు దారి కావలసి వచ్చింది.

గంజక్క బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందన్నా ఇది?"

"ఇకమీద గంజి బావిలో పోయకూడదక్కా. బయట గుంత తవ్వించినాను, దాంట్లో పొయ్యి. కంపు కొడతాండాది."

"నీళ్లే కంపు. దాంట్ల నా గంజిదొకటే కనబడిందా నీకి?"

"రూలక్కా."

"ఎవురు పెట్టినారు ఆ రూలు?"

"నేనే."

"అట్ల సెప్పు మళ్ల," అని గంగాళం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

కంపు తగ్గింది. దోమలు తగ్గాయి. నేను కనబడిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాను. అయిదారు నెలలు గడిచాక మోటారు మూలగడం మొదలుపెట్టింది. మడుగుల దగ్గర కాలువంత పడే నీళ్లు పంచపాత్రలోంచి పోసినట్టు పడుతున్నాయి. ఫిట్టరు భాయ్ బావి వైపు చెవి పెట్టి, పైపు మీద రెంచితో నాలుగు దెబ్బలు కొట్టి విన్నాడు.

"అన్నా, ఇది మోటారు బీమారి కాదు. పైపుది. ఇప్పి సూద్దాం."

"నాకు నేర్పిస్తాండావా భాయ్? మోటారు ముసలిదయింది. పెద్దది ఏస్తే అదే తోస్తాది."

"తోసేది నిజమే. యాడికి తోస్తాదో సూసుకో."

పెద్ద మోటారు వేయించాను. నాలుగు రోజులు బ్రహ్మాండంగా పని చేసింది. అయిదో రోజు కాలుష్యం ఆఫీసు నుంచి ఒక మేడం తనిఖీకి వచ్చింది. చిన్న వయసే, కానీ కళ్లజోడు సర్దుకుంటూ చూస్తే మన చొక్కా గుండీలు మనమే తడుముకుంటాం. ఆమెకు బావి చూపిస్తూ, కొత్త మోటారు గొప్ప చెబుతూ, చేత్తో పైపు మీద తట్టాను. సరిగ్గా అప్పుడే పై వంపు దగ్గర జాయింటు పగిలింది. నీలం నీళ్లు ఎగజిమ్మి నా తెల్లచొక్కాను ఒక్క వాయిలో అద్దకం చేసేశాయి. మిగిలిన నీళ్లు గట్టు దాటి పక్కనున్న ఉల్లి చేనులోకి రెండు సాళ్ల మేర పారాయి.

ఆ ఉల్లి చేను గంజక్క మొగుడు కౌలుకు చేస్తున్నది.

మేడం నన్ను తిట్టలేదు. ఆ నీలం మడిలో వంగి ఒక ఉల్లి మొక్కను పీకి చూసి, చేతులు కడుక్కుని, మెల్లగా అంది. "మంగళవారం మళ్లీ వస్తాను. బావిలో నీళ్లు పై నుంచి కనీసం ఆరు మెట్ల కిందికి ఉండాలి, మోటారు మామూలుగా నడవాలి. ఈ చేనులోకి ఇంకొక్క చుక్క పారినా షెడ్డుకు తాళం వేయిస్తాను."

ఆమె జీపెక్కిన తర్వాత గంజక్క వచ్చింది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. "షెడ్డు మూస్తే నా పొయ్యి పాయె. బావి పొంగితే నా చేను పాయె. రెండూ నీ చేతుల్లోనే పెట్టినాడే దేవుడు," అని మాత్రం అని వెళ్లింది. కేకలేసినా బాగుండేది. తనకే కాదు, ఆ షెడ్డులో పని చేసే నలభై ఇళ్లకూ అదే గతి. అరవై అన్నాను కదా మొదట, నలభై.

జాయింటుకు కట్టు కట్టి, మోటారును ముక్కుతూ మూలుగుతూ ఆదివారం దాకా నడిపాం. సోమవారం పొద్దున్నే ఇక తప్పదని బావి మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, చైన్ పుల్లీ తగిలించి, మోటారుతో సహా పైపులు పైకి లాగాం. 'లాగాం' అంటే ఫిట్టరు భాయ్, హమాలీలు ఇద్దరు లాగారు. గొలుసులో వదులుగా మిగిలిన కొస నా చేతిలో ఉంది.

భాయ్ పైపు విప్పి లోపలికి చూశాడు. తర్వాత చిటికెన వేలు లోపల పెట్టి, తీసి నాకు చూపించాడు. పిడికిలి దూరాల్సిన పైపులో చిటికెన వేలు ఇరుక్కుంటోంది.

"ముబారక్ అన్నా. నీ పెద్ద మోటారు దీంట్లోంచి తోసింది నీళ్లు."

బావిలో గోడకు ఇనుప మెట్లు ఉంటాయి, పై నుంచి లెక్కపెడితే నీళ్లు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. మొదలుపెట్టినప్పుడు ఏడో మెట్టు మునిగి ఉంది. షెడ్డులో పని సాగుతూనే ఉంది, కడిగిన నీళ్లు బావిలో పడుతూనే ఉన్నాయి. తీసే మోటారు బయట పడుకుని ఉంది. భాయ్ ఉలితో ఒక వైపు కొడుతుంటే రాయి పెచ్చులుగా ఊడింది. అరచేతి మందం. మధ్యలో విరిగిన చోట రంగురంగుల చారలు.

అప్పుడే మాకు మజ్జిగ తెచ్చిన గంజక్క ఒక పెచ్చు చేతిలోకి తీసుకుంది. కొంగుతో తుడిచి, ఎండకు పట్టి చూసింది. రంగుల షెడ్డులో ముప్పై ఏళ్లు ఉన్న మనిషి చూపు అది, చీర అంచు చూసి ఏ మగ్గం మీద నేసిందో చెప్పే చూపు.

"ఈ పైన నీలం మొన్నటి లుంగీలది. దీని కింద ఎరుపు పెండ్లిండ్ల దుప్పట్లది. భాయ్, ఈ కింద పచ్చ దేనిదో సెప్పు?"

భాయ్ చూశాడు. "ఆసుపత్రి దుప్పట్లది. ఒకటే తూరి వచ్చింది ఆ ఆర్డరు."

"రాయి యాడ నుంచి మొదలయింది?"

"పచ్చ నుంచి."

"పచ్చకి కింద ఏముండాది?"

భాయ్ గోటితో గీకాడు. పైపు గోడకు అంటుకుని పల్చటి బూడిద రంగు పొర. గోటికే ఊడి వచ్చింది, తడి పిండిలా. "మెత్తగుండాది. ఏండ్ల తరబడిది ఇంతే."

గంజక్క ఆ పెచ్చును నా అరచేతిలో పెట్టింది. "ఆసుపత్రి పచ్చ ఏసిన నెలలో ఈడ ఏమైంది అన్నా?"

నాకు తెలుసు. ఆ పచ్చ రంగు మరక నా బోర్డు కాలికి అప్పటికీ ఉంది, పాతేటప్పుడు అంటుకున్నది. అయినా ఇన్‌చార్జిని కదా.

"ఈ పచ్చ వేరే పచ్చక్కా," అన్నాను.

భాయ్ మజ్జిగ పొలమారి దగ్గాడు. హమాలీలు మొహాలు తిప్పుకున్నారు. గంజక్క నవ్వలేదు. "నా గంజి ఉన్నన్నాళ్లు అది బురదగా కిందికి దిగింది. నీ బోర్డు వచ్చినాక రాయయింది. రాయి రాసి పెట్టింది సూడు, నీ బోర్డు మాదిరే."

పిల్లలూ, పని జీవితంలో తప్పులు చాలా చేస్తాం. కానీ తప్పు తారీకుతో సహా, రంగులతో సహా, మన చేతిలోనే పెట్టించుకోవడం అందరికీ జరగదు.

పైపులు శుభ్రం చేయడానికి కొన్ని గంటలు పడుతుంది. డ్రమ్ములో పల్చటి యాసిడ్ కలిపి పైపు ముక్కలు అందులో పెడితే గోలీ సోడాలా బుసబుసమని పొంగుతుంది, మెత్తబడిన రాయిని ఉలితో కొట్టాలి, మళ్లీ పెట్టాలి. ఒక్కో మెట్టూ మునుగుతోంది. ఆరు. అయిదు. నేను యజమానికి ఫోన్ చేశాను. షెడ్డు సాయంత్రం దాకా ఆపండి సార్ అని అడగాలి. ఆయన నన్ను నోరు తెరవనివ్వకుండా, సరుకు ఈ రోజే లారీకెక్కాలి, ఒక్క నిమిషం కూడా పని ఆగకూడదు అన్నాడు. నేను "అట్లే సార్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే గంజక్కకు వినబడింది.

"ఆపమని అడిగినావా అన్నా?"

"అడిగే లోపల..."

"సాల్లే, గమ్మునుండు."

ఆమె షెడ్డులోకి పోయి ఒక పక్కన నిలబడింది. కాగుతున్న వాయి దించి, నూలు కట్టలు తీసి ఆరేసేదాకా ఓపికగా చూసింది. సగం రంగులో ఆపితే సరుకు చెడుతుంది, అది ఆమెకు నాకంటే బాగా తెలుసు. మరో వాయికి పొయ్యి ఎగదోయబోతుండగా, రెండు బిందెల నీళ్లు తెచ్చి కట్టెల మోపు మీద గుమ్మరించింది. ఉన్న కట్టెలన్నీ అవే.

"అయ్యో, కాలు జారింది," అంది. రెండు బిందెలకూ రెండు సార్లు జారింది.

పొయ్యి ఆరిపోయింది. కట్టెలు ఎండేదాకా అందరూ సద్ది మూటలు విప్పుకున్నారు. బావిలో నాలుగో మెట్టు దగ్గర నీళ్లు నిలిచిపోయాయి. భాయ్ అన్నం కూడా తినకుండా పైపులు కొట్టాడు. బిగించి, దించి, స్విచ్చి వేసే గౌరవం మాత్రం నాకిచ్చాడు. "ఏయి అన్నా, నీవు ఏస్తేనే అది నడుస్తాది," అని. మోటారు మూలగలేదు. మడుగుల వైపు నుంచి హమాలీ కేక వినబడింది, కాలువంత పడుతున్నాయని. నాలుగో మెట్టు తేలింది, అయిదోది తేలింది. నేను కళ్లు తుడుచుకున్నాను. యాసిడ్ ఘాటు అని చెప్పాను. ఘాటు కాదు.

తడిసిన కట్టెలతో ఎలా మండించిందో గాని, సాయంత్రానికి గంజక్క గంజి కాచింది. పడుగు కోసం కాదు. పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, బావి దగ్గరకు తెచ్చి నా వైపు చూసింది. నేను తల ఊపాను. "తినవే తల్లీ, ఆకలైంటాది," అని వంచింది.

మంగళవారం మేడం వచ్చేసరికి ఎనిమిది మెట్లు నీళ్లకు పైన ఉన్నాయి. ఉల్లి చేను పొడిగా ఉంది. మేడం బావి చూసి, మోటారు చూసి, పైపు పెచ్చులు చూసి, "ఎలా కనుక్కున్నారు?" అని అడిగింది.

"అనుభవం మేడం," అన్నాను నేను.

వెనక నుంచి గంజక్క గొంతు. "అవును మేడం. శానా అనుభవం."

గంజి మాట చెబితే మేడం వెంటనే ఒప్పుకోలేదు. ఒక సీసాలో బావి నీళ్లు, ఒక సీసాలో గంజి కలిపినవి పట్టుకుపోయింది. పది రోజుల తర్వాత వచ్చి విడమరిచి చెప్పింది. గంజి కలిస్తే సున్నపు రవ్వలు ఒకదాన్నొకటి పట్టుకోలేవట, గోడకు అంటలేవట, మెత్తని బురదగా కిందికి దిగుతాయట. అయితే బిందెల కొద్దీ వంచితే కంపూ తప్పదు, నీళ్లూ చెడతాయి, ఆ మాటలో నా బోర్డుది పూర్తి తప్పు కాదు అని కూడా అంది. ఆ ముక్క నేను ఇప్పటికీ దాచుకున్నాను. రోజుకో కొలత పెట్టింది. ఇప్పుడు అక్కడ డబ్బాల్లో వచ్చే మందును చుక్కచుక్కగా వదులుతున్నారట. అదీ చేసే పని అదే.

మీకు చెప్పదలుచుకున్నది పెద్దగా ఏమీ లేదు. ఎప్పటి నుంచో జరుగుతున్న పని మీకు అర్థం కాకపోతే, బోర్డు రాసే ముందు ఆ పని చేసేవాళ్లను అడగండి. కారణం వాళ్లకూ తెలియకపోవచ్చు. ఆపితే ఏమవుతుందో మాత్రం కొన్నాళ్లు కాచుకుని చూడండి. రెంచితో పైపు మీద కొట్టి వినే మనిషి మీ దగ్గర ఉంటే, అతని మాట పెద్ద మోటారు కొనకముందే వినండి.

అన్నీ ఒప్పుకున్నాను. నూట ఇరవై అడుగులు, మోకు, మూడు పగళ్లు, ఉలీ సుత్తీ, అన్నీ వెనక్కి ఇచ్చేశాను. ఒక్కటి మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. ఆ సోమవారం సాయంత్రం, ఎవరూ అడగకముందే, నా తప్పు నేనే తెలుసుకుని, ఆ బోర్డును నా చేత్తోనే పీకేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తలెత్తుకుని చెప్పుకోగల పని అదొక్కటే.

రాసింది రాసినట్టే ఉంచకుండా, నిన్న ఎమ్మిగనూరు పోయి గంజక్కకు చదివి వినిపించాను. ఇంటి ముందు ఉల్లిగడ్డలు ఏరుతూ, చెడ్డవి ఒక పక్క, మంచివి ఒక పక్క వేస్తూ అంతా విన్నది. రెండు మూడు చోట్ల నవ్వింది కూడా. చివరి మాట కాగానే చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.

"నీవు యాడ పీకినావన్నా? స్విచ్చి ఏసి ఇంటికి పోయి, గంజి కాగినాకే గదా మళ్ల వచ్చినావు. ఆ తడి కట్టెలు మండినాయనుకుంటివా? నీ బోర్డు నేను పీకి పొయ్యిలో పెట్టినా. ఆ పొద్దు బావికి గంజి కాగింది దాంతోనే."